వైజాగ్ పిల్లలకి జియోఇన్ఫర్మాటిక్స్ బీటెక్ పనికొస్తుందా? చదివాక రాస్తున్న రివ్యూ

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడితే చాలు, చుట్టాల్లోనో మా గాజువాక వీధిలోనో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. జియోఇన్ఫర్మాటిక్స్ అంటే ఏంటి, సీఎస్‌ఈ రాకపోతే తీసుకోవచ్చా, ఉద్యోగాలొస్తాయా అని. ఫోన్లో చెబితే సగమే అర్థమవుతుంది, అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా. నేను చదివింది వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో. పేరు రాయను. ప్రాజెక్టులు మాత్రం దాదాపు అన్నీ మన వైజాగ్ మీదే చేశా, ఇప్పుడు పని చేస్తున్నదీ ఇక్కడే.

సబ్జెక్టుకి ఐదుకి ఐదు ఇస్తా. మాకు దాన్ని నేర్పిన తీరుకి రెండున్నర.

జియోఇన్ఫర్మాటిక్స్ అంటే నేల మీద కొలతలు, శాటిలైట్ బొమ్మలు కంప్యూటర్‌లో కలిపి, ఎక్కడ ఏముందో మ్యాపులుగా, లెక్కలుగా తేల్చే చదువు. చాలామంది ఇది మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ కోర్సు అనుకుంటారు. ఆ లెక్కన చేరితే నిజంగానే నష్టపోతారు, ఎందుకంటే క్యూజీఐఎస్‌లో ఏ బటన్ ఎక్కడుందో నేర్చుకోవడానికి నాలుగేళ్లు అక్కర్లేదు, అది ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్, యూట్యూబ్ చూసి సెలవుల్లో నేర్చుకోవచ్చు. డిగ్రీలో నేర్చుకునేది వేరే. తెర మీద కనిపించే మ్యాపు ఎంతవరకు నిజం, ఎక్కడ తప్పు, ఎంత తప్పు అని చెప్పగలగడం. దానికి సర్వేయింగ్ కావాలి, లెక్కలు కావాలి, కాంతి గురించి ఫిజిక్స్ కావాలి, కొంచెం జియాలజీ కూడా కావాలి. ఇవన్నీ కలిపి చదివించే బ్రాంచ్ ఇంకోటి నాకు తెలియదు.

ఉదాహరణకి ప్రొజెక్షన్లు, అంటే గుండ్రటి భూమిని చదును మ్యాపు మీదకి దించే పద్ధతులు. మొదట్లో బోరు కొట్టే టాపిక్కే. భూమి గుండ్రంగా ఉంది, కాగితం చదునుగా ఉంది, అందుకని ప్రపంచాన్ని ఆరేసి డిగ్రీల వెడల్పున్న 60 నిలువు ముక్కలుగా చేశారు, వీటినే యూటీఎం జోన్లు అంటారు. వైజాగ్ సుమారు 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది కాబట్టి మనది 44వ జోన్. ఆ జోన్ 84 డిగ్రీల దగ్గర అయిపోతుంది. శ్రీకాకుళం టౌన్ 44లోనే ఉంటుంది గానీ టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లోకి వెళ్లిపోతాయి. అంటే ఒకే జిల్లాకి రెండు జోన్లు, ఒక్కోదానికి కోఆర్డినేట్ల లెక్క మళ్లీ మొదట్నుంచి మొదలవుతుంది. ఉత్తరాంధ్ర మొత్తానికి తుఫాను మ్యాపో రోడ్డు మ్యాపో చేసే ఎవరికైనా ఇది తగులుతుంది. దీనికి తోడు పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (ఎత్తులు, రోడ్లు, చెరువులు చూపే కాగితం మ్యాపులు) ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ అనే పాత భూమి ఆకారపు లెక్క మీద గీసినవి, ఫోన్లో జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. మార్చకుండా ఒకదాని మీద ఒకటి పెడితే రోడ్లు, చెరువులు వంద మీటర్లకు మించి పక్కకు జరిగిపోతాయి. ఇలాంటివి క్లాసులో ఒక సార్ ఓపిగ్గా, బోర్డు మీద గీసి చెప్పారు. ఆ ఒక్క పేపర్ కోసమైనా కోర్సు తీసుకోవచ్చు అనిపించింది.

రిమోట్ సెన్సింగ్ (శాటిలైట్ బొమ్మలతో దూరం నుంచే నేలని చదవడం) గురించి ఎంత చెప్పినా తక్కువే. మా మినీ ప్రాజెక్టుకి హుద్‌హుద్ తీసుకున్నా. 2014 అక్టోబర్ 12న తుఫాను మన ఊరి దగ్గరే తీరం దాటింది, ఆ తర్వాత కొండలన్నీ ఎలా బోడిగా కనిపించాయో వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. అప్పటికి సెంటినెల్-2 శాటిలైట్లు ఇంకా పైకి వెళ్లలేదు, మొదటిది 2015లో వెళ్లింది, కాబట్టి నాకు ల్యాండ్‌శాట్ 8 అనే శాటిలైట్ బొమ్మలే దిక్కు. ఎన్‌డీవీఐ అని ఒక సూత్రం ఉంది. ఆకులు నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బాగా వెనక్కి పంపుతాయి, ఎరుపుని మింగేస్తాయి, ఆ రెండింటి తేడాని మొత్తంతో భాగిస్తే పచ్చదనం ఎంతుందో ఒక అంకెగా వస్తుంది. కంబాలకొండ, సింహాచలం కొండల మీద ఆ అంకె పడిపోవడం చూస్తుంటే ఒళ్లు జలదరించింది. అయితే తుఫానుకి ముందు ఏ నెల బొమ్మతో పోల్చాలి అన్నదే అసలు ప్రశ్న. మే నెల బొమ్మతో పోలిస్తే ఎండాకాలం ఎండిపోయిన కొండ కనిపిస్తుంది, నష్టం తక్కువగా తేలుతుంది. ముందు ఏడాది అదే కాలంలో, అదీ మేఘాలు లేని రోజు తీసిన బొమ్మ వెతకాలి. సాఫ్ట్‌వేర్ ఈ మాట చెప్పదు, ఏ రెండు బొమ్మలు ఇచ్చినా తీసివేసి రంగులద్ది ఇస్తుంది.

పిక్సెల్ సైజు కూడా మనవాళ్లకి గజాల్లో చెబితే వెంటనే ఎక్కుతుంది. ల్యాండ్‌శాట్‌లో ఒక పిక్సెల్ 30 మీటర్లు బై 30, అంటే దాదాపు 1,076 గజాలు. సెంటినెల్-2లో స్పష్టంగా ఉండే బ్యాండ్లు (ఒక్కో రంగు కాంతికి విడిగా తీసే బొమ్మలు) 10 మీటర్లవి, సుమారు 120 గజాలు, మధురవాడలో ఒక చిన్న ప్లాటంత. శాటిలైట్‌లో మా ఇంటి గోడ కొలిచి చెప్పు అని అడిగే పెద్దవాళ్లకి ఈ ఫ్రీ డేటాతో అది ఎందుకు కుదరదో ఇలా చెబితే ఒప్పుకుంటారు.

నన్ను బాగా పట్టేసిన ఇంకో పని గెడ్డల (కొండల మీంచి నీళ్లు పారే వాగులు) మీద చేసింది. భువన్‌లో (మన ఇస్రో వాళ్ల పోర్టల్, 2009 నుంచి ఉంది) కార్టోడెమ్ అనే ఎత్తుల డేటా ఫ్రీగా దొరుకుతుంది. దాని మీద నీళ్లు ఎటు పారతాయో లెక్క కట్టిస్తే కొండల మీంచి సముద్రం దాకా గీతలు వస్తాయి. ఆ గీతల్ని ఇప్పటి రోడ్ల మీద పెట్టి చూస్తే, వాన పడినప్పుడల్లా మోకాలి లోతు నీళ్లు నిలిచే జంక్షన్లు కొన్ని సరిగ్గా ఆ గీతల మీదే కనిపించాయి. పాత గెడ్డని కప్పేసి రోడ్డు వేశారు, నీళ్లకి మాత్రం దారి గుర్తుంది. నగరం బాగుండాలని కోరుకునే వాళ్లకి ఇంతకంటే పనికొచ్చే చదువు ఏముంటుంది? హార్బర్‌లో వేటకి వెళ్లే వాళ్లకి చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పంపే సూచనలు కూడా ఈ శాస్త్రం నుంచే వస్తాయి. సముద్రం పైపొర వేడి, నీటిలో క్లోరోఫిల్ శాటిలైట్‌తో చూసి చెబుతారు.

ఇక రెండున్నర ఎందుకిచ్చానంటే.

మా ల్యాబులో లైసెన్స్ సాఫ్ట్‌వేర్ కొన్ని సిస్టమ్స్‌లోనే పనిచేసేది, అదీ పాత వెర్షన్. ఒకరు చేస్తుంటే మిగతావాళ్లు వెనక నిలబడి స్క్రీన్‌షాట్లు తీసుకుని రికార్డులో అంటించేవాళ్లు. టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే సర్వే పరికరం) బయటికి తీసింది చాలా తక్కువ, పాడవుతుందని భయం. పైథాన్ సిలబస్‌లో పేరుకే ఉంది, స్పేషియల్ డేటాబేస్ (మ్యాపు డేటా దాచి వెతికే డేటాబేస్) అయితే అసలు లేదు. అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది ఫీల్డ్ వర్క్ మీద నిర్లక్ష్యం. శాటిలైట్ బొమ్మని అడవి, పొలం, ఇళ్లు అని విడగొట్టాక అక్కడికి వెళ్లి చూసి సరిపోల్చాలి, దాన్నే గ్రౌండ్ ట్రూత్ అంటారు. మా దగ్గర చాలామంది గూగుల్ ఎర్త్‌లో చూసి టిక్ పెట్టేసేవాళ్లు, ఎవరూ అడిగేవాళ్లు కాదు. నేను సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు బండి వేసుకుని భీమిలి రోడ్డంతా తిరిగా. బొమ్మలో చిక్కటి అడవిలా కనిపించేది దగ్గరికెళ్తే సరుగుడు తోట, ఇంకో చోట జీడిమామిడి తోట. ఎర్రమట్టి దిబ్బల్లో చెట్లు లేని ఎర్ర నేలని కంప్యూటర్ కట్టడాల్లో కలిపేసింది. వట్టి నేల, కాంక్రీటు కొన్ని బ్యాండ్లలో దాదాపు ఒకేలా మెరుస్తాయి, అందుకు. జాతీయ భూవారసత్వంగా గుర్తింపు ఉన్న దిబ్బలు రిపోర్టులో ఇళ్ల కాలనీగా వెళ్తే, దాన్ని చూసి ఏ ఆఫీసులోనో ఎవరైనా నిర్ణయం తీసుకుంటే? అందుకే ఇది చిన్న లోపం అని వదిలేయలేను.

ఉద్యోగాల సంగతి. క్యాంపస్‌కి వచ్చే వాటిలో ఎక్కువ మ్యాపింగ్ కంపెనీల డిజిటైజింగ్ పనులు, రోజంతా రోడ్లు, ఇంటి కప్పులు గీయడం, జీతం తక్కువ, నైట్ షిఫ్టులు ఉంటాయి, చాలావరకు హైదరాబాద్ వెళ్లాలి. అక్కడే ఆగిపోతే సీఎస్‌ఈ స్నేహితుల్ని చూసి బాధపడతారు. పైథాన్, పోస్ట్‌జీఐఎస్ (అలాంటి స్పేషియల్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్) సొంతంగా నేర్చుకున్నవాళ్ల పరిస్థితి వేరు, వాళ్లకి డెవలపర్ పనులు దొరుకుతున్నాయి. పైచదువుకి వెళ్లాలనుకుంటే 2022 నుంచి గేట్‌లో జియోమాటిక్స్ ఇంజనీరింగ్ అని మనకంటూ ఒక పేపర్ పెట్టారు, అంతకుముందు సివిల్ లాంటి వేరే పేపర్లే రాయాల్సి వచ్చేది. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ (ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ శిక్షణ సంస్థ) ఫ్రీగా ఆన్‌లైన్ కోర్సులు పెడుతుంది, మా ల్యాబులో దొరకనిది చాలావరకు నాకు అక్కడ దొరికింది. ఇంకో మంచి మార్పు, 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపింగ్ నిబంధనలు బాగా సడలించింది, మన కంపెనీలు ముందస్తు అనుమతుల కోసం తిరగకుండా సర్వేలు చేసుకోవచ్చు. మన రాష్ట్రంలో భూముల రీసర్వేకి డ్రోన్లు, రోవర్లు (శాటిలైట్ సిగ్నళ్లతో స్థలం కచ్చితంగా చెప్పే పరికరాలు) వచ్చాక పల్లెల్లో కూడా ఈ పని ఏంటో జనానికి తెలిసింది. మా తాతగారు గొలుసుతో కొలవడమే చూశారు, రోవర్ సెంటీమీటర్లలో చెబుతుందంటే దగ్గర కూర్చోబెట్టుకుని మొత్తం అడిగి తెలుసుకున్నారు.

మరి తీసుకోవచ్చా అంటే, ఎండలో తిరగడం ఇష్టం ఉండి, లెక్కలంటే భయం లేకపోతే కళ్లు మూసుకుని తీసుకోండి. సీఎస్‌ఈ రాలేదన్న దిగులుతో మాత్రం వద్దు. ఊళ్లోనే ఉండి చదవాలనుకుంటే ఆంధ్రా యూనివర్సిటీలో జియో ఇంజనీరింగ్ విభాగం ఉంది, ఈ ఏడాది ఏ కోర్సులు ఇస్తున్నారో కౌన్సెలింగ్ జాబితాలో చూసుకోండి. ఏ కాలేజీ అయినా సరే చేరేముందు అమ్మానాన్నలతో వెళ్లి, సర్వే పరికరాలు పిల్లల చేతికి ఎంత తరచుగా ఇస్తారో సీనియర్లనే అడగండి, ఆఫీసులో అడగొద్దు. సీనియర్ల ప్రాజెక్టు రిపోర్టు ఒకటి తీసుకుని చివర్లో యాక్యురసీ టేబుల్ (మ్యాపు నేల మీద నిజంతో ఎంత సరిపోయిందో చూపే పట్టిక) ఉందా, ఫీల్డ్ ఫొటోలు వాళ్లు తీసినవేనా చూడండి.

లాప్‌టాప్ గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి: 8 జీబీ ర్యామ్‌తో క్యూజీఐఎస్ నడుస్తుంది, శాటిలైట్ బొమ్మలు పెద్దవి తెరిస్తే నెమ్మదిస్తుంది. డబ్బులుంటే 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉన్నది తీసుకోండి. గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు కోసం అదనంగా ఖర్చు పెట్టక్కర్లేదు, ఆ డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనుక్కోండి. సెమిస్టర్ తిరిగేలోపు బొమ్మలతో నిండిపోతుంది.