వెరాక్రిప్ట్ కీఫైల్: మూడేళ్లుగా వాడుతున్నాను

పలాసలో జీడిపప్పు మిల్లులకు లెక్కలు రాస్తాను. 14 మంది యజమానుల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు నా దగ్గరే ఉంటాయి. మూడేళ్ల కిందట శ్రీకాకుళం వెళ్తుంటే బస్సులో పెన్‌డ్రైవ్ పడిపోయింది. అందులో ఏ ఫైలుకూ తాళం లేదు. ఎవరి చేతిలో పడిందోనని వారం రోజులు నిద్రపట్టలేదు. ఆ తర్వాతే వెరాక్రిప్ట్ మొదలుపెట్టాను. ఫైళ్లకు తాళం వేసే (ఎన్‌క్రిప్ట్ చేసే) సాఫ్ట్‌వేర్ ఇది, ఉచితం. ట్రూక్రిప్ట్‌ అనే పాత సాఫ్ట్‌వేర్ నుంచి 2013లో వచ్చింది.

ఇందులో నాకు బాగా నచ్చింది కీఫైల్. పాస్‌ఫ్రేజ్ (పాస్‌వర్డ్‌గా వాడే వాక్యం) కొట్టాక మన దగ్గరున్న ఏదో ఒక ఫైలు కూడా చూపించాలి. ఫొటో అయినా సరే, పాట అయినా సరే. ఆ ఫైలులో మొదటి 1 ఎంబీ వరకే చదివి, దాన్ని పాస్‌ఫ్రేజ్‌తో కలుపుతుంది. నేను పెట్టుకున్న ఎస్‌హెచ్‌ఏ-512 (ఒక లెక్కింపు పద్ధతి) సెట్టింగ్‌లో ఆ కలిపినదాన్ని 5,00,000 సార్లు తిప్పి తాళం తెరిచే కీ తయారుచేస్తుంది. ల్యాప్‌టాప్ ఎత్తుకెళ్లినవాడికి నా పాస్‌ఫ్రేజ్ తెలిసినా, వేల ఫొటోల్లో ఏది కీఫైలో తెలియదు.

ఫైలు పేరు మార్చినా, వేరే ఫోల్డర్‌లో పెట్టినా ఇబ్బంది లేదు. ఆ మొదటి 1 ఎంబీలో ఒక్క బిట్ మారితే మాత్రం తెరుచుకోదు. ఇది నాకు పోయిన వానాకాలంలో బాగా తెలిసొచ్చింది.

అక్కుపల్లి బీచ్‌లో తీసిన పడవల ఫొటో అప్పట్లో నా కీఫైల్. (ఇప్పుడు మార్చేశాను కాబట్టే చెబుతున్నాను.) ల్యాప్‌టాప్ పాడైంది. తాళం వేసిన లెక్కల కాపీ వేరే డిస్క్‌లో భద్రంగానే ఉంది. ఫొటో టెక్కలిలో ఉన్న తమ్ముడికి చాటింగ్ యాప్‌లో ఎప్పుడో పంపి ఉంచాను కదా అని ధైర్యంగా ఉన్నాను. దాన్ని తెప్పించి పెడితే తెరుచుకోలేదు. ఆ రోజు 18వ తేదీ. 20కల్లా జీఎస్టీఆర్-3బి (నెలవారీ జీఎస్టీ రిటర్న్) వేయాలి. పాస్‌ఫ్రేజ్ తప్పా, ఫైలు తప్పా అన్నది వెరాక్రిప్ట్ విడిగా చెప్పదు. రెండు గంటలు పాస్‌ఫ్రేజే తప్పనుకుని మళ్లీ మళ్లీ కొట్టాను. ఒకటే టెన్షన్.

"అప్పా, నీ ఫొటో ఎన్ని ఎంబీ? నా దగ్గర 300 కేబీయే ఉంది" అన్నాడు తమ్ముడు ఫోన్లో. అప్పుడు అర్థమైంది. పంపేటప్పుడే యాప్ దాన్ని కుదించేసింది. చూడ్డానికి అవే పడవలు, అదే సముద్రం, కానీ లోపలి బైట్లు వేరు. అసలు ఫొటో కెమెరా కార్డులో ఇంకా ఉండబట్టి బతికాను.

ఆ రాత్రే కీఫైల్ మార్చాను. దానికోసం మొత్తం డేటాను మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయనక్కర్లేదు, తాళం వివరాలుండే హెడర్ ఒక్కటే తిరగరాస్తుంది కాబట్టి నిమిషంలో అయిపోయింది. కొత్త ఫొటోను కేబుల్ పెట్టి రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించాను. ఒకటి బీరువాలో, ఇంకోటి టెక్కలిలో. నెట్‌లో దొరికే ఫొటో పెట్టకండి, ఎడిట్ చేసే ఫొటో అసలే వద్దు. ఫొటో ఉంది కదా అని పాస్‌ఫ్రేజ్ చిన్నది పెట్టుకోవద్దు కూడా. నాది ఆరు మాటల వాక్యం. రెండో పెన్‌డ్రైవ్‌తో తాళం వేసిన లెక్కల ఫైలు (కంటైనర్) తెరిచి చూసుకున్నాకే ఆ నెల రిటర్న్‌లు వేశాను.