ముద్ద సాంబ్రాణి: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

శుక్రవారం సాయంత్రం దీపం పెట్టాక మా ఇంట్లో సాంబ్రాణి పడాల్సిందే. అత్తయ్య పోయాక ఆ పని నాకొచ్చింది. మొదటి నాలుగేళ్లు పొడి సాంబ్రాణే వాడాను. కళ్లు మండేవి, గోడ మీద మసి పట్టేది. సాంబ్రాణంటే అంతేనేమో అనుకున్నాను.

ఒక శుక్రవారం మా బట్టల కొట్టుకు ధూపం వేయడానికి ఫకీరు సాయిబు వచ్చాడు. చేతిలో నెమలి ఈకల కట్ట, మట్టి పిడతలో నిప్పులు. ఆయన పిడతలోంచి వచ్చే పొగ నేను వేసే పొగలా కానే కాదు, వాసన తియ్యగా ఉంది. అడిగితే జోలెలోంచి ఒక ముద్ద తీసి విరిచి చూపించాడు. లోపల బెల్లం రంగు, మధ్యమధ్య బాదం పలుకుల్లాంటి తెల్లటి బిళ్లలు. "పొడి కొనకమ్మా, అందులో ఏం కలిపారో ఎవరికి తెలుసు? నిప్పు మీద బూడిద పట్టేదాకా ఆగి వెయ్యి" అన్నాడు.

ఆ ఆగడంలోనే ఉంది అంతా! ఎర్రటి బొగ్గు మీద వేస్తే భగ్గుమని మంట లేస్తుంది, నల్లటి పొగ, మాడు వాసన. బూడిద పట్టాక కందిగింజంత పలుకు వేస్తే ముందు కరుగుతుంది, బుడగలొస్తాయి, తర్వాత తెల్లటి పొగ నెమ్మదిగా లేస్తుంది. మా అమ్మాయి "ఐస్‌క్రీమ్ వాసనమ్మా" అంటుంది. నిజమే మరి. సుమత్రా, లావోస్ అడవుల్లో చెట్టు బెరడుకు గాటు పెడితే కారి గట్టిపడే బంక ఇది. లావోస్ రకంలో వెనిలా వాసననిచ్చే వెనిలిన్ ఉంటుంది. గుగ్గిలం వేరు, ఇది వేరు.

దోమలు పోతాయని ఇదివరకు అందరికీ చెప్పేదాన్ని. పొగ ఉన్నంతసేపే పోతాయి. పసిపిల్లలకు స్నానం కాగానే పొగ వేయమనీ చెప్పేదాన్ని, ఇప్పుడు చెప్పను. మా చెల్లెలి మనవడికి మూడో నెలలో తలుపులు మూసి వేశాం. ఆ రాత్రంతా వాడు దగ్గుతూనే ఉన్నాడు. నాకు ఒకటే టెన్షన్. పొగ దగ్గరికే తీసుకురావద్దన్నారు పిల్లల డాక్టరు. అప్పటినుంచి వాడికి "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ ఉప్పు, మిరపకాయలతోనే తీసి, వాటిని పెరట్లో పడేస్తున్నాం. ధూపం వాడు లేని గదిలోనే.

మరి దిష్టి పోతుందా అంటే, మా కొట్టులో గిరాకీ లేక దిగులుపడ్డ రోజుల్లో గుమ్మం నుంచి గల్లాపెట్టె దాకా ఈ పొగ పట్టుకు తిరిగితే నా మనసు కుదుటపడింది. అంతవరకు నేను చూసిందే చెబుతున్నాను. మాది పెరడున్న పాత ఇల్లు, కిటికీలన్నీ తీసే వేస్తాను. ఫ్లాట్లో, అందులోనూ ఆయాసం ఉన్న మనిషి ఉంటే మాత్రం నన్ను చూసి కొనకండి.