అమ్మను మొదటిసారి విమానం ఎక్కించిన ఎయిర్ డెక్కన్

2006 దసరా సెలవుల్లో అమ్మను గన్నవరం నుంచి బేగంపేటకు ఎయిర్ డెక్కన్‌లో తీసుకెళ్లాను. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. అయినా ఆ సర్వీసు గురించి ఇన్నాళ్లకు రాయాలనిపించింది.

సీటు నంబర్లు ఉండేవి కావు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడమే. గుడివాడ బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపడం అలవాటున్న మనిషి కదా, అమ్మ వెనక తలుపు మెట్లు గబగబా ఎక్కేసి కిటికీ సీట్లో చేతిసంచీ పెట్టేసింది. అది పంకాలుండే చిన్న ఏటీఆర్ విమానం. రెక్కలు పైన ఉంటాయి కాబట్టి కిందకి చూడ్డానికి అడ్డం ఉండదు. కృష్ణలో ఇసుక తిన్నెలు, పొలాల గట్లు కనిపించినంతసేపూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. టిఫిన్ ఉచితంగా ఇవ్వరు, మంచినీళ్లు కూడా కొనుక్కోవాల్సిందే. పక్కాయన విసుక్కున్నాడు గానీ నాకు తప్పనిపించలేదు. టికెట్ ధర తగ్గింది అలాంటి వాటివల్లే కదా. బస్సులో ఆరు గంటల దారి గంటలో అయిపోయింది. "అప్పుడే దిగాలా?" అంది అమ్మ.

మాలాంటి వాళ్ల కోసం విమానం నడపాలని ఎవరికి తట్టిందో తర్వాత తెలుసుకున్నాను. కెప్టెన్ గోపీనాథ్ గారిది కర్ణాటకలో హాసన్ జిల్లా గొరూరు, బడిపంతులు గారి అబ్బాయి. సైనిక్ స్కూల్లో చదివి, 1971 యుద్ధంలో పనిచేసి, ఎనిమిదేళ్లకే సైన్యం వదిలేశారు. హేమావతి డ్యాము కింద ఇంటి భూమి మునిగితే, బదులుగా జావగల్ దగ్గర ఇచ్చిన బీడులో టెంటు వేసుకుని సేద్యం చేశారు. నాకు ఆయన జీవితంలో ఇదే ముఖ్యమనిపిస్తుంది. ఊళ్లో బతికారు కాబట్టే విమానం ఎక్కనివాళ్లు ఎవరో ఆయనకు తెలుసు. 1997లో సైన్యం నాటి స్నేహితుడు కెప్టెన్ శామ్యూల్‌తో కలిసి హెలికాప్టర్ల కంపెనీ, 2003లో ఎయిర్ డెక్కన్. తన విమానసంస్థకు గుర్తుగా పెట్టుకున్నది కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ గీసిన కామన్ మ్యాన్‌ని, అంటే సామాన్యుడి బొమ్మని. 2008లో ఎయిర్ డెక్కన్ కింగ్‌ఫిషర్ విమానసంస్థలో కలిసి, ఆ పేరు పోయింది.

తిరుగు ప్రయాణం బస్సులోనే. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు అమ్మ పైకి చూసి, "ఆ రోజు ఈ ఊరు ఏ వేళకి దాటామురా?" అని అడిగింది.