లండన్‌లో అలెగ్జాండర్ టెక్నిక్ నేర్చుకోవాలంటే ముందుగా డబ్బు కట్టకండి

వీణ పాఠాలు చెప్పి చెప్పి నా మెడ పట్టేసింది. కాపడాలు, బామ్‌లు అన్నీ అయ్యాయి. కూర్చోవడంలో, లేవడంలో మనకు తెలియకుండా ఒళ్లు బిగించే అలవాట్లను మానుకోవడం నేర్పే పద్ధతే అలెగ్జాండర్ టెక్నిక్. లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం కదా, అక్కడే అది నేర్చుకుందామనుకున్నాను.

అమ్మాయి సెంట్రల్ లండన్‌లో ఒక సెంటర్‌లో 5 పాఠాల ప్యాకేజీకి ఆన్‌లైన్‌లో 375 పౌండ్లు కట్టింది. గంట పాఠం అన్నారు. తీరా వెళ్తే 40 నిమిషాల్లో ముగించారు. అందులో సగం సేపు నన్ను బల్ల మీద పడుకోబెట్టి టీచర్ ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. రెండోసారి వెళ్తే ఇంకొకావిడ వచ్చి మొదటి నుంచీ మొదలుపెట్టింది. బయటికొస్తుంటే కౌంటర్ దగ్గర 65 పౌండ్ల దిండు కొనమని ఒకటే పోరు. మిగిలిన పాఠాల డబ్బు తిరిగివ్వమంటే రూల్స్ ఒప్పుకోవన్నారు. మావారు దాన్ని రూపాయల్లోకి లెక్కేసుకుని ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మాయి రాసిన మెయిల్‌కి ఇంతవరకూ జవాబు లేదు.

తర్వాత హామర్‌స్మిత్‌లో ఇంట్లోనే నేర్పే ఒక పెద్దావిడ దొరికారు. 45 నిమిషాలకు 45 పౌండ్లు, ఏ రోజు డబ్బు ఆ రోజే. మూడేళ్లపాటు, 1600 గంటలు శిక్షణ పొందిన సర్టిఫికెట్ అడగకముందే చూపించారు. మీరు ఎవరి దగ్గరికి వెళ్లినా ఇది తప్పకుండా అడగండి.

ఆవిడ కుర్చీలో కూర్చోబెట్టి, నా మెడ వెనక తేలిగ్గా చెయ్యి ఆనించి, లేవమన్నారు. నేనింకా కదలకముందే, "చూశారా, లేవాలనుకోగానే మెడ బిగించి తల వెనక్కి లాగారు" అన్నారు. ఈ పద్ధతి కనిపెట్టిన అలెగ్జాండర్ పద్యాలు చదివే నటుడట. గొంతు పోతుంటే అద్దాల ముందు నిలబడి ఇదే అలవాటును తనలో పట్టుకున్నాడు. మళ్లీ మళ్లీ కూర్చుని లేచాక, ఒకసారి ఏ బిగింపూ లేకుండా లేచి నిలబడ్డాను. ఒళ్లు అంత తేలిగ్గా అనిపించి ఎన్నాళ్లయిందో! చివరికి కింద చాప పరిచి, దుప్పటి చుట్టి వీణలా ఒళ్లో పెట్టి, నేను వీణ మెట్ల వైపు ఎలా వంగుతున్నానో చూపించారు. ఆ సెంటర్‌లో నేనేం పని చేస్తానని కూడా అడగలేదు.

ఇది మసాజ్ కాదు, వ్యాయామమూ కాదు. బూట్లు విప్పితే చాలు. తల కింద పుస్తకాలు పెట్టి మోకాళ్లు పైకి మడిచి పడుకోబెడతారు కాబట్టి చీరకంటే చుడీదార్ నయం. ఒకటి రెండు పాఠాలకే నొప్పి పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. బ్రిటన్‌లో 579 మంది నడుంనొప్పి రోగులతో చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. ఏడాది తర్వాత, మామూలు వైద్యమే తీసుకున్నవారికి నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పి ఉంటే, 24 పాఠాలు నేర్చుకున్నవారికి 3 రోజులే ఉంది. 6 పాఠాలవారికీ కొంత గుణం కనిపించింది. సెలవులకు వచ్చినవాళ్లు కనీసం ఆరు పెట్టుకోండి.

ఈస్ట్ హామ్ నుంచి హామర్‌స్మిత్‌కి డిస్ట్రిక్ట్ లైన్‌లో రైలు మారక్కర్లేదు. నాకు పాఠం అయ్యేదాకా మావారు థేమ్స్ ఒడ్డున నడిచొచ్చేవారు. అక్కడ మాత్రం ఒక్కసారీ రూపాయల లెక్క తీయలేదు.