అడవి చదువు కోసం తిరుపతిలో కాలేజీలు చూశాం

తిరుపతికి కాలేజీలు చూడటానికి వచ్చేవాళ్లు శని, ఆదివారాలు మానుకోండి. ఆ రెండు రోజులూ ఊరు భక్తులది. బస్టాండు చుట్టుపక్కల లాడ్జీల రేట్లు అమాంతం పెరిగిపోతాయి, కౌంటర్లో కూర్చున్నవాడికి మనతో మాట్లాడే తీరిక ఉండదు. మేం దిగినచోట మూడో మనిషికి ఎక్స్‌ట్రా అని డబ్బులు రాసుకున్నారు గానీ, పరుపు మాత్రం రాత్రి పది దాటాక, రెండుసార్లు అడిగితే వచ్చింది. బస్టాండు ఎదురుగా ఉన్న శ్రీనివాసం, రైల్వేస్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణు నివాసం టీటీడీవి. చవకే, కానీ అవి దర్శనానికి వచ్చేవాళ్ల కోసం కట్టినవి. ఆ క్యూలో నిలబడితే కాలేజీ ఆఫీసు మూసేస్తారు. మన పనికి బాలాజీ కాలనీ వైపు గది చూసుకోవడం నయం. అక్కడి నుంచి క్యాంపస్‌లన్నీ దగ్గర.

మాది పలమనేరు పక్కన పల్లె. కౌండిన్య అభయారణ్యం దగ్గర్లోనే ఉంది, ఏనుగులు చెరుకులోకి, వరిలోకి దిగడం మాకు కొత్త కాదు. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చినవి, ముసలిమడుగు క్యాంపుకి వచ్చాక మా అక్క కూతురికి ఇదే లోకమైపోయింది. ఇంటర్ బైపీసీ అయ్యాక ఇంట్లో అందరూ నీట్ అంటుంటే తను అడవులు, నేల, నీళ్లు కాపాడే చదువు కావాలంది. బావ పొలం వదిలి రాలేడు కాబట్టి అక్కనీ పాపనీ నేను తీసుకొచ్చాను.

యూనివర్సిటీ ప్రాంతంలో ఆటో ఒకటి మాట్లాడుకుంటే ఒక పూటలో చాలా చూడొచ్చు. ఎస్వీ యూనివర్సిటీ 1954లో, పశువైద్య కళాశాల 1955లో, వ్యవసాయ కళాశాల 1961లో, మహిళా యూనివర్సిటీ 1983లో వచ్చాయి. అన్నీ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. క్యాంపస్‌లో ఎక్కడ నిలబడి తలెత్తినా శేషాచలం కొండే. ఈ కొండలు 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ (జీవజాలాన్ని కాపాడే రక్షిత ప్రాంతం) అయ్యాయి, విస్తీర్ణం 4,700 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ కొండల్లో, వీటి చుట్టుపక్కల కొండల్లోనే. అడవి చదువుకి ఇంతకంటే మంచి ప్రయోగశాల ఎక్కడుంటుంది అనుకుంటాం కదా. కానీ మేం చూసినచోట డిగ్రీల పేర్లలో అడవి అన్న మాట లేదు. అగ్రికల్చర్, బాటనీ, జువాలజీ, వెటర్నరీ ఉన్నాయి. కాబట్టి పేరు పక్కన పెట్టి రెండే విషయాలు పట్టుకున్నాం: పిల్లల్ని బయటికి ఎంత తిప్పుతారు, ఆ డిగ్రీతో రేపు ఏ పరీక్ష రాయొచ్చు.

రెండోది చాలామంది ఇళ్లలో మాటే రాదు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకి డిగ్రీలో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, జియాలజీ, పశువైద్యం వీటిలో ఒకటైనా సబ్జెక్టుగా ఉండాలి. లేదా అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఆ జాబితాలో లేదు. ఊరి బయట ఒక ప్రైవేటు కాలేజీలో సరిగ్గా ఆ పేరుతోనే కోర్సు చూపించారు. బ్రోచర్ నిండా పులులు, జలపాతాలు. "సంవత్సరంలో ఎన్ని రోజులు ఫీల్డుకి తీసుకెళ్తారు సార్?" అని పాప అడిగితే, కాలేజీ బస్సు ఏయే ఊళ్లకి వెళ్తుందో చెప్పాడాయన. మళ్లీ అడిగితే ప్లేస్‌మెంట్ల గురించి మొదలుపెట్టాడు. బయటికొచ్చాక అక్క, "ఏసీ క్లాసులు బాగున్నాయి కదరా" అంది. పాప ఏమీ అనలేదు, బ్రోచర్ మడిచి ఆటోలోనే వదిలేసింది.

వ్యవసాయ కళాశాల దగ్గర మాత్రం మేమనుకున్నదానికంటే ఎక్కువసేపు ఉండిపోయాం. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్. పక్కనే ప్రాంతీయ పరిశోధనా స్థానం. మా ఊళ్లో వేసే ధరణి వేరుశనగ అక్కడ పుట్టిన రకమే. వాన తక్కువ పడే సీమలో నేల కొట్టుకుపోకుండా ఆపడం, పడిన చుక్కని చేల్లోనే ఇంకించడం, గట్ల మీద చెట్లు పెంచడం అన్నీ సిలబస్‌లోవే. ఆఖరి ఏడాది పల్లెల్లో రైతుల మధ్య ఉండి పనిచేయాలి. గేటు దగ్గర మాట్లాడిన సీనియర్ అమ్మాయి ఏదీ దాచకుండా చెప్పింది: అడవి మీద ఉండేది తక్కువ, పంట మీద ఎక్కువ, అడవి కావాలంటే పీజీలో మళ్లాలి. హాస్టల్ మెస్ ఎలా ఉంటుందని అక్క అడిగితే నవ్వి ఊరుకుంది. సహజ వనరుల్ని కాపాడే చదువంటే పులీ ఏనుగే కాదు, నేల కూడా అందులోదే అని నాకనిపించింది. పాపకి అంతగా ఎక్కలేదు.

బాటనీ దారి ఇంకొకటి. ఆడపిల్లలకి టీటీడీ నడిపే పద్మావతి మహిళా డిగ్రీ కళాశాల ఉంది, ఫీజు భారం తక్కువ, హాస్టల్ సీటుకి మాత్రం పోటీ గట్టిది. ప్రధాన సబ్జెక్టు బాటనీయా జువాలజీయా అన్నది చేరేటప్పుడే తేల్చుకోవాలి. తర్వాత ఎస్వీయూలో ఎమ్మెస్సీ. తిరుమల కొండల్లో తప్ప సహజంగా దొరకడం అరుదైన సైకస్ బెడ్డోమీ లాంటి మొక్కల మీద పనిచేయాలంటే ఇంటి దగ్గరున్న దారి ఇదే. వెటర్నరీ అయిదున్నరేళ్లు, మళ్లీ నీట్. తను వద్దంది.

ఏర్పేడులోని ఐజర్‌కి (కేంద్రం నడిపే సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) తిరుపతి నుంచి కాళహస్తి బస్సెక్కితే ఏర్పేడులో దింపుతారు, అక్కడి నుంచి ఆటో. వెనక్కి వచ్చేటప్పుడు ఖాళీ ఆటో దొరకడమే కష్టం, వెళ్లిన ఆటోనే ఉండమనడం మేలు. 2015లో మొదలైంది, ఇప్పుడు సొంత క్యాంపస్. అయిదేళ్ల బీఎస్-ఎంఎస్, ఐఏటీ అనే సొంత పరీక్షతోనే సీటు. పడమటి కనుమల ఎత్తయిన కొండల మీది షోలా అడవుల్లో పక్షుల మీద ఇక్కడివాళ్లే పరిశోధన చేస్తున్నారు. పరిశోధన చేయాలనుకునే పిల్లలకి తిరుపతి చుట్టుపక్కల దీనికి సాటి లేదని నా అభిప్రాయం. కానీ మొదట్లో ఫిజిక్స్, మ్యాథ్స్ తప్పవు. బైపీసీ పిల్లలు అది ముందే తెలుసుకుని వెళ్లాలి.

మధ్యలో ఒక రోజు తలకోనకి పోయాం. కాలేజీలు చూసేవాళ్లు ఇది తప్పకుండా పెట్టుకోండి, అడవి మీద ఇష్టం ఎంత గట్టిదో అక్కడే తేలుతుంది. తిరుపతి నుంచి బస్సులు తక్కువ, పొద్దున్నే బయల్దేరాలి. లేకపోతే కారే. జలపాతం 270 అడుగులు, ఎండాకాలం చివర్లో ధార సన్నబడింది. ఉండటానికి గదులు సాదాసీదా, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, భోజనం ముందే చెప్పకపోతే దొరకదు. చెట్టు నుంచి చెట్టుకి పాకిన గిల్లతీగ దగ్గర పాప గంటసేపు నిలబడింది. జలగ పట్టినా కదల్లేదు. అక్క మాత్రం, "ఈ ఉద్యోగం చేసేవాళ్లకి పెళ్లిళ్లెట్లా అవుతాయిరా" అని నన్నడిగింది.

అలిపిరి మెట్ల దగ్గర ఇంకో సంగతి తెలిసింది. 2023లో నడకదారిలో చిరుత ఒక చిన్నారిని చంపాక అటవీ శాఖ కెమెరా ట్రాప్‌లు పెట్టింది, బోన్లు పెట్టి చిరుతల్ని పట్టింది, చిన్నపిల్లలతో నడిచేవాళ్లకి వేళల ఆంక్షలు వచ్చాయి. "చిరుతని కాపాడాలా, మనుషుల్ని కాపాడాలా మామా?" అంది పాప. రెండూ చేయాల్సినవాడికే కదమ్మా జీతం ఇచ్చేది అన్నాను. ఈ చదువుల బ్రోచర్లలో ఈ మాట ఎక్కడా ఉండదు.

పేరులోనే అడవి ఉన్న డిగ్రీ కావాలంటే బయటికెళ్లాలి. బీఎస్సీ ఫారెస్ట్రీకి మనకి దగ్గర్లో తమిళనాడు మేట్టుపాళయం, కర్ణాటకలో శిరసి, పొన్నంపేట, కేరళలో త్రిసూర్ దగ్గర వెల్లానిక్కర ఉన్నాయి. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో 2016 నుంచి ఫారెస్ట్ కాలేజీ ఉంది. పక్క రాష్ట్రాల సీట్లకి మన పిల్లలు ప్రధానంగా చూసుకోవాల్సింది ఐసీఏఆర్ (జాతీయ వ్యవసాయ పరిశోధన మండలి) కోటా, దానికి సీయూఈటీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష రాసి ఉండాలి. ఇంటర్ రెండో ఏడాదిలోనే దరఖాస్తు పెట్టాలి, ఫలితాలొచ్చాక గుర్తుకొస్తే ఏడాది పోయినట్టే. మేట్టుపాళయానికి తిరుపతి నుంచి కోయంబత్తూరు దాకా నేరుగా రైలు ఉంది.

పాప సీయూఈటీ రాసింది. తన వరసలో మేట్టుపాళయం మొదటిది, తిరుపతి వ్యవసాయ కళాశాల రెండోది. నా వరస తిరగేసి ఉంటుంది. అగ్రికల్చర్ డిగ్రీతోనూ ఫారెస్ట్ సర్వీస్ రాయొచ్చు, అది రాకపోయినా చేతిలో ఇంకో నాలుగు ఉద్యోగాలుంటాయి. అక్కకి ఇల్లు దగ్గర కావాలి కాబట్టి ఓటు నాకే.

వ్యవసాయ యూనివర్సిటీలో రైతు కోటా ఉంది, మా ఆశ దాని మీదే. దానికి పట్టాదారు పాస్‌పుస్తకంతో పాటు మున్సిపాలిటీ కాని ఊళ్లో నాలుగేళ్లు చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు కావాలి. మా పాప చదివిన పల్లె బడిలో హెడ్మాస్టర్ మారిపోయారు, సెలవుల్లో ఆఫీసు తెరవరు. మీరైతే బడి తెరిచి ఉండగానే ఆ కాగితం తెచ్చుకోండి.