నాన్న డయాలసిస్, అమ్మ చేతిలో ఫోను: రెండేళ్లు దాటి వాడాక రాస్తున్నా

యాప్ పేరు రాయట్లేదు. ఇలాంటివి నేను మూడు మార్చి చూశాను, ఒకటీ అరా తేడాలు తప్ప అన్నిటి బాణీ ఒకటే. ఇంట్లో జబ్బు మనిషిని చూసుకునేవాళ్లంతా ఒక చోట చేరడం, ఏ మాత్ర ఎప్పుడు, ఎన్ని నీళ్లు, ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు అన్నది బొమ్మలతో, రంగులతో అందరికీ కనబడేలా పెట్టుకోవడం. మూడోది మా ఇంట్లో నిలిచింది. నిలిచింది అంటే బాగుందని కాదు, అమ్మ దాన్ని వంచుకుంది.

మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి మండలం. ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస అని చెప్పుకునే రోజులు పోయి, పేరు వినగానే కిడ్నీలు అనే రోజులొచ్చాయి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు, అదే రోజు హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో మంచినీళ్లు తెచ్చే పథకమూ మొదలైంది, జబ్బు ఎందుకొస్తోందో మాత్రం ఇదీ అని ఇంకా తేలలేదు. నాన్నకి వారానికి మూడు డయాలసిస్‌లు, ఒక్కోటి నాలుగు గంటలు. లెక్కేస్తే వారంలో 168 గంటలుంటే మెషిన్ చూసుకునేది 12, మిగతా 156 అమ్మ చూసుకోవాలి. అన్నయ్య ఖతార్‌లో, తమ్ముడు హైదరాబాదులో, నేను అత్తారింట్లో, పలాసలో. అమ్మకి అంకెలు వచ్చు, చదవడం రాదు.

ఈ యాప్‌లు తయారు చేసినవాళ్ల ఊహలో రోగిని చూసుకునే మనిషి అంటే చదువుకున్న ఒక కూతురో కొడుకో, చేతిలో ఫోను, ఖాళీగా ఒక సాయంత్రం. మొదటి యాప్ నేను నా ఫోన్లో పెట్టుకుని అమ్మని ఫోన్లో అడిగి రాసేదాన్ని. వారం తిరక్కుండానే ఆపేశాను, ఎందుకంటే రాసేది నేను, చేసేది అమ్మ, మధ్యలో రోజుకి ఆరు ఫోన్లు.

రెండో దానికి తెలుగు ఉంది. ఆ తెలుగు గురించి ఒక్క ముక్క చెప్పాలి. తెరిచేసరికి పైన ‘3 కార్యాలు బకాయి ఉన్నవి’ అని వచ్చేది. ఎదురింటి పిల్లాడు అది పైకి చదివితే అమ్మ గాభరా పడిపోయి నాకు ఫోన్ చేసి, "ఒలే, మనం ఎవరికేటి బాకీ ఉన్నాం? మీ నాన్నేటైనా అప్పు సేసినాడేటి?" అని అడిగింది. ఇంక ‘ద్రవ గ్రహణం’ అంటే ఏమిటో నాకే మూడోసారి చదివితే గానీ అర్థం కాలేదు. నీళ్లు అని రాస్తే పోయేది కదా.

మూడో దాంట్లో నచ్చింది ఒకటే, అది చాలు: మన ఫోటో పెట్టి మనమే బటన్ చేసుకోవచ్చు. మొదట్లో వాళ్లిచ్చిన బొమ్మలే ఉండేవి, పొడుగాటి గాజు గ్లాసు, పక్కన 250 మి.లీ. మా ఇంట్లో అలాంటి గ్లాసు లేదు. నాన్నకి డాక్టరు రోజుకి 700 మి.లీ. దాటొద్దన్నారు, అది నీళ్లొక్కటే కాదు, టీ, మజ్జిగ, చారు, అన్నంలో వంచిన గంజి, పొద్దున చోడి అంబలి, అన్నీ కలిపి. ఒక ఆదివారం వెళ్లి ఇంట్లో గ్లాసులన్నీ బయట పెట్టి, మందు సీసా మూతతో పోసి కొలిచాం. టీ గ్లాసు 90, చిన్న స్టీలు గ్లాసు 150, చారు గరిటె 60. ఒక్కోదాన్ని ఫోటో తీసి బటన్ చేశాం. అమ్మకి మి.లీ.తో పని లేదు, తన గ్లాసు తనకి కనబడుతుంది, పోసినప్పుడల్లా ఒక నొక్కు. కింద ఒక బిందె బొమ్మ నిండుతూ ఉంటుంది, నిండిందంటే ఆ రోజుకి కోటా అయిపోయినట్టే. ఆ బిందె బొమ్మ గీసినవాళ్లెవరో గానీ వాళ్లకి దండం. నాన్న కూడా సాయంత్రం దాన్ని చూసి, "ఇంకా ఇంత ఖాళీ ఉంది కదా, అర గ్లాసు టీ పొయ్యి" అని బేరం ఆడేవాడు.

మాత్రలకీ అంతే. పేర్లు వద్దు, స్ట్రిప్ ఫోటో చాలు. కాకపోతే మందుల షాపులో ఒక్కోసారి అదే మందు వేరే కంపెనీది ఇస్తారు, స్ట్రిప్ రంగు మారిపోతుంది, అమ్మ ఆగిపోతుంది. ఆగిపోవడమే మంచిది, ఊహించి వేసేయడం కన్నా. ఫోటో తీసి పంపిస్తుంది, నేను చూసి అవునో కాదో చెబుతాను, అవునంటే బటన్ మీద ఫోటో మారుస్తాను.

ఇక్కడి దాకా బాగుంది. అలారం దగ్గర మాత్రం ఈ యాప్‌లన్నీ తప్పటడుగు వేస్తాయి. వీటికి గడియారం ఒక్కటే తెలుసు. ఫాస్ఫరస్‌కి ఇచ్చే మాత్ర అన్నంతో పాటే వేసుకోవాలి, తిండిలోని ఫాస్ఫరస్‌ని అది కడుపులోనే పట్టుకోవాలి కాబట్టి. నాన్న మామూలు రోజు ఒంటి గంటకి తింటాడు, డయాలసిస్ రోజు ఇంటికొచ్చేసరికి మూడున్నర. ఒంటి గంటకి ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న అమ్మ చేతిలో ఫోను మోగుతుంది, మాత్ర సంచిలో ఉంది, అన్నం ఇంట్లో ఉంది. బీపీ మాత్ర డయాలసిస్ రోజు పొద్దున వేయొద్దన్నారు, మెషిన్ మీద బీపీ పడిపోతుందని. దానికోసం అదే మాత్రకి రెండు ఎంట్రీలు పెట్టాల్సొచ్చింది, మంగళ, గురు, శని ఒకటి, మిగతా రోజులకి ఒకటి. బాగానే నడిచింది. ఒక వారం మెషిన్ రిపేరని మా స్లాటు బుధవారానికి మార్చారు, అంతే, అలారాలన్నీ తలకిందులు. ‘అన్నం తిన్నప్పుడు’ అని ఒక బటన్, ‘ఈ రోజు డయాలసిస్’ అని ఒక బటన్ ఉంటే ఈ గోలంతా ఉండదు. రెండుసార్లు రాశాను వాళ్లకి. రెండుసార్లూ ధన్యవాదాలు చెప్పారు.

ఒంటి బొమ్మ సంగతి. ఎక్కడ నొప్పి, ఎక్కడ వాపు ఉందో మనిషి బొమ్మ మీద నొక్కి చెప్పే ఏర్పాటు ఉంది. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. నాన్నకి ఎడమ చేతికి ఫిస్టులా చేశారు, అంటే మణికట్టు పైన రక్తనాళాలు కలిపి డయాలసిస్ సూదులకి దారి చేయడం. ఆ చేతికి బీపీ చూడకూడదు, బరువు మోయకూడదు, బిగుతుగా ఏదీ కట్టకూడదు, రోజూ వేలు పెట్టి చూస్తే జుమ్మని అదురు తెలియాలి. ఆ బొమ్మ మనకి ఎదురుగా నిలబడి ఉంటుంది, అంటే దాని ఎడమ చెయ్యి మనకి కుడి పక్కన. అమ్మ ఒక రోజు నాన్న కుడి మోచేతికి దోమ కుట్టి వాచిందని తన కుడి పక్కన ఉన్న చెయ్యి నొక్కింది. తమ్ముడికి హైదరాబాదులో ‘ఎడమ చెయ్యి, వాపు’ అని వెళ్లింది. వాడు ఫిస్టులా పాడైందనుకుని నాకు ఫోన్, నేను ఆటో మాట్లాడుకుని బయల్దేరడం, తీరా వెళ్తే నాన్న అరుగు మీద కూర్చుని చేతికి సున్నం రాసుకుంటున్నాడు. ఆ రోజే అమ్మ తన బొట్టుబిళ్ల ఒకటి తీసి ఫోన్ తెర మీద ఫిస్టులా చెయ్యి ఉండే చోట అంటించింది. అదే మా డిజైన్. ఆ పేజీలో తప్ప మిగతా పేజీల్లో అడ్డమే గానీ, అలవాటైపోయింది.

ఇప్పుడు అసలు విషయం. దీన్ని ఎలా రాయాలో ఆలోచిస్తూనే ఇన్నాళ్లు రాయలేదు.

ఇందులో ఏ పని ఎవరిదో పేరు పెట్టాలి, చేస్తే పచ్చ, టైము దాటితే ఎరుపు, పక్కన పేరు. నలుగురం ఉన్నాం గానీ ఆచరణలో అన్ని పనుల పక్కనా అమ్మ పేరే. ఖతార్ నుంచి అన్నయ్య, హైదరాబాదు నుంచి తమ్ముడు, రాత్రి పడుకునే ముందు యాప్ తెరిచి ఎర్రగా ఉన్నవి చూసి ఫోన్ చేసేవాళ్లు. "అమ్మా, మధ్యాహ్నం మాత్ర వేయలేదేంటి? అమ్మా, నీళ్లు ఎనిమిది వందలు దాటాయేంటి?" వాళ్లది ప్రేమే, దూరాన ఉన్నామన్న బాధే, కాదనను, నేనూ ఒకటి రెండు సార్లు అలాగే అడిగాను. కానీ పొద్దున నాలుగింటికి లేచి, ఆవుకి కుడితి పెట్టి, నాన్నకి వండి, ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చిన మనిషికి రాత్రి తొమ్మిదింటికి వచ్చే ఫోన్ అది.

రెండో నెలకల్లా యాప్ అంతా పచ్చగా అయిపోయింది. మేం ముగ్గురం సంబరపడ్డాం కూడా. నీళ్లు రోజూ 650, 700, ఒక్క రోజూ దాటదు. కానీ డయాలసిస్‌కి వెళ్లేసరికి బరువు మాత్రం మూడు కిలోల పైనే పెరిగి ఉండేది. లీటరు నీళ్లంటే కిలో బరువు, ఒంట్లోంచి పోయే దారి లేనప్పుడు దాచడానికి ఎక్కడా చోటుండదు. అక్కడ టెక్నీషియన్ నాన్నని గట్టిగా అడిగితే నాన్న అమ్మ వైపు చూశాడట. అమ్మ పొద్దున్నే కూర్చుని రోజంతటికీ సరిపడా బటన్లు ఒకేసారి నొక్కేస్తోంది. ఎందుకమ్మా అంటే, "ఎర్రగా అయిపోనాదంటే మీరు ముగ్గురూ ఫోన్ సేసీస్తారు, నాను ఆరికి నీళ్లిచ్చీదా, మీకు జవాబు సెప్పీదా?" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీళ్లు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం వస్తుంది, అదృష్టం కొద్దీ అంత దూరం పోలేదు. తప్పు అమ్మది కాదు. సాయం చేసే పరికరం అని తెచ్చి ఇంట్లో హాజరు పట్టీ పెట్టాం.

సెట్టింగుల్లో వెతికితే పేర్లు కనబడకుండా చేసే వీలు దొరికింది, ఎరుపు బదులు బూడిద రంగు పెట్టుకునే వీలూ దొరికింది. రెండూ ఎక్కడో అడుగున ఉన్నాయి, మొదటే అడగాల్సినవి. ఇప్పుడు ఎవరు చేశారో కనబడదు, అయిందో లేదో మాత్రం కనబడుతుంది. ఇంకోటి, తమ్ముడికీ అన్నయ్యకీ కూడా పనులు పెట్టాం: మందులు అయిపోవడానికి వారం ముందే ఆన్‌లైన్లో పెట్టడం తమ్ముడిది, నెలనెలా రిపోర్టులు వరసగా పెట్టడం, పింఛను 10,000 పడిందో లేదో చూడటం అన్నయ్యది. వాళ్ల పనులు బూడిద రంగులోకి వెళ్లినప్పుడు అమ్మ చూసి నవ్వుకుంటుంది, ఫోన్ మాత్రం చేయదు. నీళ్ల లెక్క నిజం అయింది, 900 వచ్చిన రోజు 900 అనే ఉంటుంది. బరువు పెరగడం రెండు కిలోల లోపుకి వచ్చింది.

ఇది నిజంగా అక్కరకొచ్చింది అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు. పది రోజులు పొయ్యి దగ్గరికి వెళ్లొద్దన్నారు, మా పిన్ని వచ్చి ఉంది. పిన్నికీ చదువు లేదు. అమ్మ ఒక్కో బటన్ వెనక తన గొంతుతో చెప్పి పెట్టింది: "ఇది తెల్లది, అన్నం రెండు ముద్దలు తిన్నాక ఎయ్యి." "బంగాళాదుంప కూరొండితే ముక్కలు కోసి నానబెట్టి, ఉడకబెట్టి ఆ నీళ్లు పారబొయ్యి." "ఎవులైనా బొండాం తెస్తే తీసుకో గానీ ఆరికి ఇవ్వకు." కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పనిచేయని వాళ్లకి గుండె మీదకి వస్తుంది. చుట్టూ కొబ్బరి తోటలు, చూడటానికి వచ్చే ప్రతి చుట్టం చేతిలో రెండు బొండాలు. ఈ ముక్క ఏ యాప్‌లోనూ లేదు. తినకూడనివి అని వాళ్లిచ్చిన పట్టికలో అవకాడో ఉంది, పనసపండు లేదు.

కొన్ని చిరాకులు త్వరగా చెప్పేస్తా. నెట్ లేనప్పుడు నొక్కినవి దాచుకుంటుంది గానీ, నెట్ వచ్చాక ఒక్కోసారి రెండేసి సార్లు ఎక్కిస్తుంది, బీపీ మాత్ర రెండు వేసినట్టు కనబడి మాకు ఒకసారి గుండె ఆగినంత పనైంది. తుపాను హెచ్చరిక వస్తే నేను దీన్ని నమ్మను. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి మా వైపు తోటలన్నీ పడుకోబెట్టినప్పుడు కరెంటు లేని రాత్రులు ఎన్నో, ఛార్జింగ్ అయిపోయిన ఫోను మొద్దు కింద లెక్క. అందుకే గోడ క్యాలెండరు మీద అమ్మ పసుపు చుక్కలు పెట్టడం మానలేదు, డయాలసిస్ అయిన రోజు ఒకటి, ఒంట్లో బాగోని రోజు రెండు. నెలాఖర్న దాని ఫోటో తీసి యాప్‌లో పెడతాను.

అనుమతుల సంగతి కూడా దారుణం. చేర్చామంటే అన్నీ కనబడతాయి, లేదంటే ఏదీ కనబడదు. బండి మీద తీసుకెళ్లే బాబాయి కొడుక్కి డయాలసిస్ టైము తెలిస్తే చాలు, కిడ్నీల రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ అంకె ఎందుకు? తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం, మా వైపు అమ్మాయి తరఫువాళ్లు కట్నం కన్నా ముందు కిడ్నీల మాట అడుగుతారు. రిపోర్టు ఎవరి ఫోన్లో తెరుచుకుంటుందో అని టెన్షన్ మాకుండదా?

డాక్టరుకి పంపడానికి పీడీఎఫ్ వస్తుంది, పద్నాలుగు పేజీలు. విశాఖలో డాక్టరు దాన్ని పక్కన పెట్టి, "బరువు, బీపీ గీత చూపించమ్మా" అన్నారు. ఆ ఒక్క పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, క్యూలో నిలబడ్డప్పుడు వెతుక్కోకుండా.

తీసుకోవాలా అంటే, ఇంట్లో నిజంగా పని చేసే మనిషి చేతికి ఇవ్వగలిగితే తీసుకోండి. మీరు దూరాన కూర్చుని చూడటానికే అయితే వద్దు, రోజుకో ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడగండి. నలుగురి దాకా డబ్బు కట్టక్కర్లేదు. పెట్టిన మొదటి రోజే ఎరుపు తీసేయండి, మీ గ్లాసులు మీరే కొలుచుకోండి. స్టార్లు అడిగితే మూడు ఇస్తాను, అందులో ఒకటి ఆ బిందె బొమ్మకి.

మొన్న వచ్చిన అప్‌డేట్‌లో ఒంటి బొమ్మని తిప్పేశారు, ఇప్పుడు అది మనకి వీపు చూపించి నిలబడింది, ఎడమ ఎడమ వైపే. మంచిదే. బొట్టుబిళ్ల తీసి అటు అంటించమని అమ్మకి చెప్పాలి, శనివారం వెళ్తున్నాను.