కెర్నెల్‌కి ప్యాచ్: మెయిల్లో పంపాలా, పుల్ రిక్వెస్ట్ పెట్టాలా?

గుణుపూర్‌లో ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు దసరాకి పర్లాకిమిడి వచ్చాడు. వస్తూనే ఫిర్యాదు. "ఏటి మావయ్యా, పుల్ రిక్వెస్ట్ పెట్టి నెల్లాళ్లయింది. ఒక్కడూ చూళ్లేదు." పుల్ రిక్వెస్ట్ అంటే నా సవరణ తీసుకోండి అని సైటులో పెట్టే అర్జీ. తీరా చూస్తే వాడు తన యూఎస్‌బీ వైఫై డ్రైవర్‌లో ఒక తప్పు దిద్ది, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో, లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పేరు కింద కనిపించే లినక్స్ కెర్నెల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి) పంపాడు. అది నకలు. అక్కడ పెట్టినవి లైనస్ తీసుకోడు. లినక్స్‌కి సవరణ (ప్యాచ్) వెళ్లేది దాదాపు అంతా మెయిల్లోనే.

"ఈ కాలంలో మెయిలేటి?" అన్నాడు. నేనూ ఒకప్పుడు అదే అన్నాను. ఆ తర్వాత రెండు దారులూ తొక్కాను. పోల్చడానికి రెండో వైపు జెఫిర్‌ని తీసుకుంటాను. చిన్న బోర్డుల మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ అది, 2016 నుంచి లినక్స్ ఫౌండేషన్ నీడలో ఉంది. దానికి సవరణలు గిట్‌హబ్ పుల్ రిక్వెస్టుల్లోనే వెళ్తాయి.

మొదటి అడుగు వరకూ పుల్ రిక్వెస్టుకి తిరుగులేదు. ఫోర్క్ చేసుకో (నీ పేరు మీద నకలు తీసుకో), అందులో కొమ్మ (బ్రాంచ్) తీసి దిద్దు, పుష్ చెయ్యి (సైటుకి ఎక్కించు), బటన్ నొక్కు. ఏ వరుస బాగాలేదో ఆ వరుస కిందే వ్యాఖ్య పడుతుంది. రకరకాల బోర్డులకి బిల్డ్ అవుతుందో లేదో అక్కడి సర్వర్లే చూసి చెబుతాయి. నాలుగు జీబీ ర్యామ్ లాప్‌టాప్ ఉన్నవాడికి అది చిన్న సాయం కాదు.

మెయిల్ దారి అలా కాదు, గుమ్మంలోనే తల తగుల్తుంది. నా మొదటి ప్యాచ్‌ని బ్రౌజర్లో ఉన్న మెయిల్ పెట్టెలో అతికించి పంపాను. ట్యాబులన్నీ స్పేసులైపోయాయి, పొడుగు వరుసలు విరిగిపోయాయి. కెర్నెల్ కోడ్‌లో ఇండెంటుకి ట్యాబే వాడాలి, ఒక్కోటి ఎనిమిది అక్షరాల వెడల్పు. ఆ ప్యాచ్ అతకదని మెయింటైనర్ (ఆ భాగం కోడ్‌ని చూసుకునేవాడు) రెండు ముక్కల్లో తేల్చేశాడు. అప్పటినుంచి వరస ఇదే: కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ పనిముట్టులోని ఫార్మాట్-ప్యాచ్‌తో ఫైలు తీయడం, చెక్‌ప్యాచ్ స్క్రిప్టుతో తప్పులు చూసుకోవడం, గెట్-మెయింటైనర్ స్క్రిప్టుని అడిగి ఎవరికి పంపాలో తెలుసుకోవడం, గిట్ సెండ్-ఈమెయిల్‌తో వదలడం. రంగులూ అలంకరణలూ ఉండే హెచ్‌టీఎంఎల్ మెయిల్ అయితే, ప్యాచ్‌లు అందరికీ చేరవేసే మెయిలింగ్ లిస్టు సర్వరే వెనక్కి కొడుతుంది. ఇదంతా కుదర్చడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది.

కానీ ఒక్కసారి కుదిరాక కథ తిరగబడుతుంది, ముఖ్యంగా పర్లాకిమిడి ఉన్న మా గజపతి జిల్లాలో. ఇక్కడ గాలివాన వస్తే కరెంటు, దాని వెనకే టవర్ సిగ్నల్ పోతాయి. (2018లో తిత్లీ తుఫానప్పటి సంగతి వేరు, అప్పుడు అన్నీ పోయాయి.) పుల్ రిక్వెస్ట్ పేజీ నెట్ ఉంటేనే తెరుచుకుంటుంది. మెయిల్ అలా కాదు. ప్యాచ్ మీద జరిగిన చర్చంతా బీ4 అనే పనిముట్టుతో లాప్‌టాప్‌లోకి దించుకుని, రాత్రి చదివి, జవాబు రాసి పెట్టుకుని, పొద్దున్న సిగ్నల్ రాగానే పంపొచ్చు. బరువు మొదటి క్లోన్‌దే, అంటే కోడ్ మొత్తం చరిత్రతో సహా దించుకోవడానిదే. మధ్యలో తెగితే గిట్ మళ్లీ మొదటినుంచి లాగుతుంది. దానికీ లినక్స్ కెర్నెల్ అసలు సైటు కెర్నెల్ డాట్ ఆర్గ్‌లో అంతా ఒకే మూటగా కట్టిన బండిల్ ఫైలు ఉంది, తెగినచోటి నుంచి దించుకోవచ్చు. మా వాడికి ముందు చెప్పింది అదే.

ఇక చర్చ. నన్ను మెయిల్ వైపు లాగింది నిజానికి ఇదే. మెయిల్లో కోడ్ కంటే ముందు కంటపడేది వివరణ: ఏం తప్పు, ఎవరికి ఇబ్బంది, ఎందుకిలా దిద్దావు. అది సరిగా లేకపోతే కోడ్ బాగున్నా తిరిగొస్తుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో పుట్టినవాడికి ఎదుటివాడికి అర్థమయ్యే మాటల్లో రాయమని వేరే చెప్పాలా! రెండో విడత పంపేటప్పుడు ఏం మార్చావో వివరణ చివర వచ్చే మూడు గీతల (---) కింద రాయాలి. ఆ ముక్క కమిట్‌లోకి (కోడ్ చరిత్రలో నిలిచిపోయే నమోదులోకి) వెళ్లదు, కానీ చదివేవాడికి దారి చూపిస్తుంది. పుల్ రిక్వెస్టులో ఫోర్స్-పుష్ చేశాక (పాతదాని మీద కొత్తది ఎక్కించాక) పాత విడత మీద జరిగిన మాటలు వెతుక్కోవాల్సి వస్తుంది. పైగా ఆ మాటలన్నీ ఒకే కంపెనీ సర్వర్లో ఉంటాయి. లినక్స్ చర్చల నకళ్లు ఎవరైనా తమ డిస్కులో దాచుకోవచ్చు.

ఈ కోడ్ పంపే హక్కు నాకుందని పేరు, మెయిల్‌తో హామీ ఇచ్చే సైన్డ్-ఆఫ్-బై వరుస రెండు చోట్లా తప్పదు. లినక్స్‌లో అది 2004 నుంచి ఉంది, జెఫిర్ కూడా అదే పద్ధతి పట్టుకుంది. పరీక్షల సంగతికొస్తే మెయిల్ వైపు కూడా రోబోలు లిస్టులోని ప్యాచ్‌లని బిల్డ్ చేసి, విరిగితే మెయిల్ కొడతాయి. కాకపోతే ఆ జవాబు కోసం ఆగాలి.

తమాషా ఏమిటంటే పుల్ రిక్వెస్ట్ అనే మాట మెయిల్ వాళ్లదే. 2005లో లైనస్ గిట్ రాసింది కెర్నెల్ కోసం. మెయింటైనర్లు తమ కొమ్మని లాక్కోమని ఆయనకి ఇప్పటికీ మెయిలే పంపుతారు.

ఒక్క సవరణ పంపి వెళ్లిపోయేవాడికి, బోర్డుల మీద చేయి తిప్పాలనుకునే వాడికి జెఫిరే మేలంటాను. రెండేళ్లు ఒకే డ్రైవర్‌ని పట్టుకుని ఉండాలనుకునే వాడు, అదీ మా వైపు నెట్‌తో, ఆ రెండు ఆదివారాలూ మెయిల్‌కే ఖర్చుపెట్టాలి.

మేనల్లుడు పండగ మర్నాడే ప్యాచ్ పంపాడు. వివరణ చాలలేదని మూడో రోజు జవాబొచ్చింది. రెండో విడత సిద్ధం చేసేసరికి మెర్జ్ విండో (తర్వాతి వెర్షన్‌కి కొత్త మార్పులని లైనస్ కలుపుకునే గడువు) తెరుచుకుంది. ఈ రెండు వారాలూ మెయింటైనర్లకి ఊపిరాడదు, ఆ గడువు ముగిశాక వచ్చే మొదటి పరీక్ష వెర్షన్ ఆర్‌సీ1 వచ్చాక పంపరా అన్నాను. గుణుపూర్ బండి ఎక్కుతూ కూడా ఫోన్‌లో లిస్టే చూస్తున్నాడు.